టెక్సస్ లాంగ్‌హార్న్స్: శిబిరానికి ముందు అభిమానులను వేధిస్తున్న ప్రశ్నలు

2025 జూలైలో మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఆగస్టులో ఎం.ఎస్. చదువుకు ఆస్టిన్ వస్తున్నారు. గదిలో మీతో ఉండబోయే సీనియర్లు ఇప్పటినుంచే టెక్సస్ విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు (లాంగ్‌హార్న్స్) గురించి, అందులోనూ ఆర్చ్ మ్యానింగ్ అనే ఒక్క కుర్రవాడి గురించి మాట్లాడుతున్నారు. జూలై 30న మొదలయ్యే శిక్షణ శిబిరానికి ముందు అభిమానులను నిజంగా వేధిస్తున్న ప్రశ్నలేమిటో, వాటిలో ఏది ముఖ్యమో తెలియజేయమన్నారు. నేను ఇదే విశ్వవిద్యాలయానికి 2003లో విద్యార్థిగా వచ్చి, ఆట నియమాలు కూడా తెలియని స్థితి నుంచి ప్రతి శనివారం స్టేడియంలో కూర్చునే స్థితికి వచ్చినవాణ్ణి. 2006 జనవరి 4 రాత్రి, విన్స్ యంగ్ సదరన్ కాలిఫోర్నియా మీద 41-38తో జాతీయ పోటీ గెలిపించినప్పుడు, ఇరుకు అపార్ట్‌మెంటులో పదిహేనుమందిమి ఒకే టీవీ ముందు కూర్చున్నాము. ఆ తరువాత ఆ కిరీటం మళ్ళీ ఆస్టిన్‌కు రాలేదు. కాబట్టి ఈ ఏడాది ఇక్కడివారు పడుతున్న ఆత్రుతను నేను అర్థం చేసుకోవడమే కాదు, వారితో సమానంగా పడుతున్నాను కూడా.

ముందుగా నా అభిప్రాయం చెప్పి, తరువాత కారణాలకు వస్తాను. మ్యానింగ్ ఈ ఏటి క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు. శిబిరంలో అతను ఎలా విసురుతున్నాడన్నది అందరూ అడిగే ప్రశ్న, కానీ ఈ జట్టు భవిష్యత్తును నిర్ణయించేది అతని ముందు నిలబడే ఐదుగురు, బంతి ఎదుటివారి దగ్గర ఉన్నప్పుడు మన రక్షణ శ్రేణి నడుమ నిలబడే ఇద్దరు. ఈ ఏడుగురి స్థానాల్లో ఆరింటికి నిరుటి మనుషులు లేరు.

దీనికి నేపథ్యం తెలియాలి. ముఖ్య శిక్షకుడు స్టీవ్ సార్కీసియన్ 2021లో వచ్చిన మొదటి ఏడాది జట్టు 5 గెలిచి 7 ఓడింది. మరుసటి ఏడాది 8-5, ఆపైన 2023లో 12-2, ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) అనే కఠినమైన కళాశాలల కూటమిలో చేరిన తొలి ఏడాది, అంటే 2024లో, 13-3. చివరి రెండేళ్ళూ జాతీయ పోటీ సెమీఫైనల్ వరకు వెళ్ళి అక్కడే ఆగిపోయింది. మొదటిసారి వాషింగ్టన్ చేతిలో 37-31తోను, రెండవసారి ఒహాయో స్టేట్ చేతిలో 28-14తోను ఓడింది. ఈ వేసవిలో ఎస్‌ఈసీ పాత్రికేయులు కూటమి విజేతగా టెక్సస్‌నే ఊహించారు. అంతటి అంచనాల కింద ఎన్ని కొత్త ముఖాలున్నాయో చాలామంది గమనించడం లేదు. ఏప్రిల్‌లో జరిగిన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్టులో, అంటే వృత్తి జట్లు కళాశాల ఆటగాళ్ళను వరుసగా ఎంచుకునే కార్యక్రమంలో, ఈ జట్టు నుంచి ఏకంగా 12 మంది ఎంపికయ్యారు. విశ్వవిద్యాలయానికి అది గర్వకారణం, శిక్షకుడికి మాత్రం అది 12 ఖాళీలు.

ఇప్పుడు ఆ ఐదుగురి సంగతి. ఈ ఆటలో బంతి ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు ప్రయత్నాలుంటాయని మీకు తెలిసే ఉంటుంది. ప్రతి ప్రయత్నంలోనూ ఆఫెన్సివ్ లైన్ అనబడే ఐదుగురు భారీకాయులు ఒకే క్షణంలో కదిలి ఎదుటివారిని ఆపాలి లేదా పక్కకు నెట్టాలి. కబడ్డీలో చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడే వాళ్ళను చూసినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. ఒక్కొక్కరి బలం ఎంతన్నదాని కంటే పక్కవాడు ఎప్పుడు కదులుతాడో ఒంటికి తెలిసి ఉండటం ముఖ్యం, ఆ తెలివిడి కలిసి ఆడితే తప్ప రాదు. ఈ వరుసలో నడుమ సెంటర్, అతనికి ఇరుపక్కలా గార్డ్‌లు, రెండు చివర్లలో టాకిల్‌లు ఉంటారు. నిరుడు ఆడిన ఐదుగురిలో నలుగురు వెళ్ళిపోయారు. ఎడమ టాకిల్ కెల్విన్ బ్యాంక్స్ దేశంలోని అత్యుత్తమ లైన్‌మెన్‌కు ఇచ్చే ఔట్‌లాండ్, లొంబార్డి పురస్కారాలు రెండూ గెలిచి, డ్రాఫ్టులో తొమ్మిదవవాడిగా న్యూ ఆర్లియన్స్‌కు వెళ్ళాడు. ఎడమ గార్డ్ హేడెన్ కానర్, కుడి టాకిల్ క్యామరన్ విలియమ్స్ కూడా డ్రాఫ్టయ్యారు. కొన్నేళ్ళుగా బంతి అందిస్తూ వచ్చిన సెంటర్ జేక్ మేజర్స్ చదువు ముగిసింది. మిగిలినది కుడి గార్డ్ డి.జె. క్యాంప్‌బెల్ ఒక్కడే.

అయినా ఇది చీకట్లో పడ్డ పరిస్థితి కాదు. ఎడమ టాకిల్‌గా రాబోతున్న ట్రెవర్ గూస్‌బీ నిరుడు బ్యాంక్స్ గాయపడినప్పుడు జార్జియాతో జరిగిన ఎస్‌ఈసీ ఫైనల్లో మొదటినుంచీ ఆడాడు. టెక్సస్ ఆ ఆట అదనపు సమయంలో 22-19తో ఓడింది, అయితే ఓటమికి కారణం గూస్‌బీ కాదు. సెంటర్ స్థానానికి ముందు వరుసలో ఉన్న కోల్ హట్సన్ 2022లో మొదటి సంవత్సరం విద్యార్థిగానే గార్డ్‌గా ప్రతి ఆటా మొదలుపెట్టినవాడు, కనుక అతను కొత్తవాడు కాడు, అతని స్థానం కొత్తది. కుడి టాకిల్‌గా బ్రాండన్ బేకర్ మీద అందరికీ ఆశలున్నాయి. ఎడమ గార్డ్ స్థానమే నాకు బెంగగా ఉంది. నెటో ఉమియోజులు పేరు ఎక్కువగా వినిపిస్తోంది, కానర్ స్ట్రో కూడా పోటీలో ఉన్నాడు, ఇద్దరికీ పెద్ద ఆటల అనుభవం తక్కువ. సెంటరూ ఎడమ గార్డూ ఇద్దరూ ఒకేసారి కొత్తవారైతే, వారి నడుమ సందులోంచి దూసుకువచ్చే ఎదుటి ఆటగాణ్ణి ఎవరు అందుకోవాలన్న నిర్ణయం అర సెకను ఆలస్యమైనా క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉంటాడు. లైన్ శిక్షకుడు కైల్ ఫ్లడ్ మీద నాకు నమ్మకం ఉంది, బ్యాంక్స్‌ను పదునుపెట్టినది ఆయనే. కానీ ఆయనకున్న వ్యవధి ఒక్క నెల.

ఈ విషయం మీద నేనెందుకింత పట్టుపడుతున్నానో చెప్పాలంటే జనవరి 10 రాత్రికి వెళ్ళాలి. ఆర్లింగ్టన్ స్టేడియంలో, గోల్ గీత వెనుక వైపు పై అంతస్తులో నేను కూర్చున్నాను. స్కోరు 21-14, ఒహాయో స్టేట్ ముందంజలో ఉంది, ఆట చివరికి వచ్చింది, టెక్సస్‌కు గోల్ గీత ముందు ఒక గజం దూరంలో బంతి దొరికింది. ఒక్క గజానికి నాలుగు ప్రయత్నాలు. మొదటి పరుగుకు ఏమీ రాలేదు. రెండవసారి బంతిని పక్కకు, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ క్వింట్రెవియన్ విజ్నర్‌కు విసిరితే, అతణ్ణి ఏడు గజాలు వెనక్కి పడగొట్టారు. మూడవసారి వేసిన పాస్ అందలేదు. నాలుగవసారి ఒహాయో స్టేట్ ఆటగాడు జాక్ సాయర్ చుట్టి వచ్చి మా అప్పటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ చేతిలోని బంతిని రాల్చి, దాన్ని తీసుకుని 83 గజాలు పరుగెత్తాడు. ఆ ఇద్దరూ 2021లో ఒహాయో స్టేట్‌లో ఒకే గదిలో ఉన్న స్నేహితులు. ఇప్పటికీ అభిమానులు ఆ రెండవ ప్రయత్నపు వ్యూహాన్ని తిడుతూనే ఉన్నారు. వ్యూహం తప్పేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే శిక్షకుడు నేరుగా నెట్టి ఒక గజం తీసుకోలేమని అనుకున్నాడు కనుకనే పక్కకు వెళ్ళాడని కూడా ఒప్పుకోవాలి. బ్యాంక్స్, కానర్, మేజర్స్ ఉన్న లైనే ఆ గజం తేలేకపోయింది. కొత్త లైన్ తేగలదా అన్నదే ఈ శిబిరంలో నేను మొదట అడిగే ప్రశ్న.

ఇక మ్యానింగ్. తాత ఆర్చీ, చిన్నాన్నలు పేటన్, ఈలై ముగ్గురూ ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్‌లు, చిన్నాన్నలిద్దరికీ ఆ లీగు ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో చెరి రెండు విజయాలు ఉన్నాయి. ఇంటిపేరు బరువు అతను మోయక తప్పదు, కానీ మనం అతణ్ణి అంచనా వేయవలసింది అతను ఆడిన ఆటతో. నిరుడు మొత్తం మీద 90 పాస్‌లు విసిరి 61 అందించాడు, 939 గజాలు, 9 టచ్‌డౌన్‌లు (గోల్ గీత దాటించి చేసిన స్కోర్లు), 2 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివారు పట్టేసిన పాస్‌లు). యూవర్స్ గాయపడి బయటికి వెళ్ళగా శాన్ ఆంటోనియో జట్టు మీద బరిలోకి దిగి నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేసి, 67 గజాలు స్వయంగా పరుగెత్తినప్పుడు స్టేడియంలో నా పక్కన ఉన్న ముసలాయన లేచి నిలబడి మళ్ళీ కూర్చోలేదు. ఆ తరువాతి వారం లూయిజియానా మన్రో మీద 29 పాస్‌లలో 15 మాత్రమే అందించి, రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. మిసిసిపీ స్టేట్ మీద 31లో 26 అందించి 325 గజాలు సాధించాడు. అంటే మూడు వారాల్లో అతని రెండు ముఖాలూ కనబడ్డాయి. మొదటినుంచీ ఆడినవి వీటిలో చివరి రెండు ఆటలే, రెండూ సొంత మైదానంలో, రెండూ టెక్సస్ సునాయాసంగా గెలిచినవే. బలమైన జట్టు మీద అతను పాస్ వేయవలసి వచ్చినది అక్టోబరులో జార్జియాతో ఆటలో, యూవర్స్‌ను కాసేపు కూర్చోబెట్టినప్పుడు. అప్పుడు జార్జియా లైన్ అతనికి ఊపిరి తీసుకోనివ్వలేదు. అందువల్ల అతను గొప్పవాడన్న వారినీ, కాదన్న వారినీ నేను సమర్థించలేను. రెండింటికీ ఆధారాలు చాలవు.

అతని వల్ల కొత్తగా వచ్చే మేలు ఒకటి మాత్రం ఖచ్చితం. అతను పరుగెత్తగలడు. నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం మీద నాలుగవ ప్రయత్నంలో 15 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసినది అతనే. గోల్ గీత దగ్గర క్వార్టర్‌బ్యాక్ స్వయంగా పరుగెత్తే అవకాశం ఉంటే ఎదుటివారు ఒక మనిషిని అతని కోసం కేటాయించక తప్పదు, లైన్ మీది భారం ఆ మేరకు తగ్గుతుంది. ఇక్కడే మరొక ప్రశ్న పుడుతుంది, దాన్ని ఎవరూ గట్టిగా అడగడం లేదు. యూవర్స్ మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న మూడేళ్ళలో ఏ ఏడాదీ గాయం లేకుండా పూర్తి చేయలేదు. 2022లో హడ్సన్ కార్డ్, 2023లో మాలిక్ మర్ఫీ, 2024లో మ్యానింగ్ అతనికి బదులుగా ఆటలు మొదలుపెట్టవలసి వచ్చింది. పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్‌కు దెబ్బలు ఇంకా ఎక్కువ తగులుతాయి. ఇప్పుడు అతని వెనుక ఉన్నది ట్రాయ్ నుంచి వచ్చిన మాథ్యూ కాల్డ్‌వెల్, ఇంతవరకు పెద్దగా ఆడని ట్రే ఓవెన్స్, మొదటి సంవత్సరం విద్యార్థి కె.జె. లేసీ. శిబిరంలో రెండవ జట్టును ఎవరు నడుపుతున్నారో తెలుసుకోవడానికి ప్రయత్నించండి, అది తేలికగా తీసుకోవలసిన విషయం కాదు.

రక్షణ శ్రేణి నడుమ ఉన్న ఖాళీ గురించి. 2023లో ఆ స్థానాల్లో ఆడిన టివాండ్రే స్వెట్, బైరన్ మర్ఫీ కొండల్లాంటివారు. వాళ్ళు వెళ్ళిపోయినప్పుడు, సరిగ్గా నిరుడు ఇదే వారంలో, ఇదే ప్రశ్న అడిగి మేమంతా భయపడ్డాము. ఆల్‌ఫ్రెడ్ కాలిన్స్, వెర్నన్ బ్రౌటన్ ఆ భయం పోగొట్టారు, ఇప్పుడు వారూ డ్రాఫ్టు రెండవ, మూడవ రౌండ్లలో వెళ్ళిపోయారు. నిరుడు సమాధానం దొరికింది కనుక ఈ ఏడూ దొరుకుతుందని వాదించేవారున్నారు. ఆ వాదనలో ఒక లోపం ఉంది. కాలిన్స్, బ్రౌటన్ ఇద్దరూ అయిదేళ్ళుగా ఇదే జట్టులో పెరిగినవారు, పెద్దల వెనుక నిలబడి నేర్చుకున్నవారు. ఈసారి ఆ స్థానాలను ఎక్కువగా ఇతర కళాశాలల నుంచి తెచ్చుకున్నవారితో నింపుతున్నారు. ఒహాయో స్టేట్ నుంచి హీరో కాను, నార్త్ కరోలినా నుంచి ట్రావిస్ షా, పర్‌డ్యూ నుంచి కోల్ బ్రెవర్డ్, సిరక్యూజ్ నుంచి మరాడ్ వాట్సన్, మేరీలాండ్ నుంచి లావన్ జాన్సన్ వచ్చారు. ఒక్కరినే నమ్ముకోకుండా ఐదుగురిని తెచ్చుకోవడం తెలివైన పనే. కానీ ఈ స్థానంలో పని ఎవరికీ కనబడని పని. ఇద్దరు ఎదుటివారిని తన మీదికి లాక్కుని కదలకుండా నిలబడితే, వెనుక ఉన్న లైన్‌బ్యాకర్ ఆంథొనీ హిల్‌కు దారి ఖాళీ అవుతుంది. నిరుడు హిల్ 113 ట్యాకిల్స్ (బంతి ఉన్నవాణ్ణి పడగొట్టడం), 8 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేశాడంటే అందులో కాలిన్స్, బ్రౌటన్‌ల వాటా ఉంది. మొదటి సంవత్సరంలోనే 9 శాక్‌లు చేసిన కాలిన్ సిమన్స్ శ్రేణి అంచున ఉన్నాడు, అతనికి కూడా నడుమనుంచి ఒత్తిడి లేకపోతే క్వార్టర్‌బ్యాక్ ముందుకు జరిగి తప్పించుకుంటాడు. హిల్, సిమన్స్ ఉన్నారు కదా అని ధీమాగా ఉండే స్నేహితులకు నేను చెప్పేది ఇదే.

పాస్‌లను అడ్డుకునే వెనుక వరుస గురించి నాకు పెద్ద దిగులు లేదు. ఈ వరుస ఆటగాళ్ళకిచ్చే థార్ప్ పురస్కారం నిరుడు గెలిచిన జహ్‌డే బ్యారన్, ఆండ్రూ ముకూబా లేని లోటు ఉంటుంది, కానీ మాలిక్ మహమ్మద్, మైకల్ టాఫ్ ఉన్నారు.

టాఫ్ పేరు వచ్చింది కనుక ఒక మాట. అతను ఆస్టిన్‌లోనే వెస్ట్‌లేక్ ఉన్నత పాఠశాలలో చదివి, విద్యార్థివేతనం లేకుండా, సొంత ఖర్చుతో జట్టులో చేరి, సాధన చేసి స్థానం సంపాదించుకున్నవాడు. ఈ జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం ప్రకారం కళాశాలలు ఆటగాళ్ళకు నేరుగా ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల వరకు పంచవచ్చు, దానికి బదులుగా ఫుట్‌బాల్ జట్టులో 105 మందికి మించి ఉండకూడదు. ఇంతకాలం శ్రమను ఉచితంగా ఇచ్చిన పిల్లలకు డబ్బు దక్కడం న్యాయమేనని నా అభిప్రాయం. అయితే రేపటి టాఫ్ ఈ 105 మందిలో చోటు దొరకక తలుపు బయటే ఉండిపోతాడేమోనన్న బాధ నాకుంది. ఈ శిబిరానికి ఎంతమంది అలాంటివాళ్ళు మిగిలారో చూడాలి.

బంతిని అందుకునేవారి విషయంలో నిరుటి ముగ్గురు ముఖ్యులు మాథ్యూ గోల్డెన్, ఐజయా బాండ్, టైట్ ఎండ్ (లైన్ పక్కన నిలబడి ఎదుటివారిని ఆపుతూ పాస్‌లు కూడా అందుకునేవాడు) గన్నర్ హెల్మ్ లేరు. రయన్ వింగో వేగం మీద, డిఆండ్రే మూర్ నిలకడ మీద నాకు నమ్మకం ఉంది. క్యాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన టైట్ ఎండ్ జాక్ ఎండ్రిస్ కుదురుకుంటే మ్యానింగ్‌కు కష్టకాలంలో అందుబాటులో ఉండే మనిషి దొరుకుతాడు, హెల్మ్ నిరుడు చేసిన పని అదే. పరుగుల వైపు విజ్నర్ నిరుడు వెయ్యి గజాలు దాటాడు. అతనితో పాటు సి.జె. బ్యాక్స్‌టర్ తిరిగి వస్తున్నాడు. అతను మోకాలు గాయపరచుకున్నది ఆటలో కాదు, నిరుడు ఆగస్టులో ఇదే శిబిరంలో. అందుకే శిబిరం మొదలైన రోజు నుంచి నేను వార్తలు తెరవడానికి కొంచెం జంకుతాను. ఆస్టిన్ ఆగస్టు ఎండను మన రెంటచింతల ఎండతో పోల్చుకోవచ్చు. తొలి రోజుల్లో హెల్మెట్లతోనే మొదలుపెట్టి క్రమంగా పూర్తి కవచాలకు వెళ్ళాలన్న నియమం ఉన్నది ఈ ఎండ కారణంగానే, పూర్తిస్థాయి ఢీకొట్టుళ్ళను తొమ్మిది రోజులకు పరిమితం చేసిన 2021 నాటి నియమం తలకు తగిలే దెబ్బలు తగ్గించడానికి.

కిక్కర్ విషయం కొత్తవారు పట్టించుకోరు, మేము పట్టించుకుంటాము. బర్ట్ ఆబర్న్ నిరుడు 25 ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని గోల్ స్తంభాల నడుమ పంపడం) ప్రయత్నాల్లో 16 మాత్రమే సాధించాడు. అరిజోనా స్టేట్‌తో ఆటలో చివరి రెండు నిమిషాల్లో రెండు తప్పి, గెలవవలసిన ఆట రెండు అదనపు సమయాల దాకా వెళ్ళింది. అతను మయామీకి వెళ్ళిపోయాడు, టెక్సస్ స్టేట్ నుంచి మేసన్ షిప్లీ వచ్చాడు. అభిమానులు ఆ కుర్రవాణ్ణి నిరుడు తిట్టిన తీరు నాకు నచ్చలేదు. ఆ ప్రవర్తన షిప్లీ విషయంలో పునరావృతం కాకూడదని కోరుకుంటున్నాను.

ఇన్ని ప్రశ్నలకు నింపాదిగా జవాబు వెతుక్కునే వీలును ఈ ఏడాది కార్యక్రమం ఇవ్వదు. ఆగస్టు 30న మొదటి ఆటే కొలంబస్‌లో, నిరుటి జాతీయ విజేత ఒహాయో స్టేట్ మీద, లక్షమందికి పైగా పట్టే వారి స్టేడియంలో. వారికీ కొత్త క్వార్టర్‌బ్యాక్ రావాలి, రక్షణ వ్యూహాల బాధ్యత మ్యాట్ పట్రీషియా కొత్తగా తీసుకున్నాడు, కనుక వారూ మనలాగే తడుముకుంటూ ఉండవచ్చు. కానీ ఆ హోరులో కొత్త సెంటర్, కొత్త ఎడమ గార్డ్ ఒకరి మాట ఒకరికి వినబడకుండా ఆడవలసి వస్తుంది. ఒక ఓటమితో పన్నెండు జట్ల జాతీయ పోటీ నుంచి ఎవరూ తొలగిపోరు, కాబట్టి ఆ రోజు ఓడి మీ గదిలోవాళ్ళు గోల పెట్టినా కంగారు పడకండి. ఆ తరువాత సెప్టెంబరు 6న శాన్ హోసే స్టేట్‌తో మొదలయ్యే మూడు సొంత ఆటలు లైన్ కుదురుకోవడానికి ఉపయోగపడతాయి. అక్టోబరు 4న ఫ్లోరిడా వెళ్ళి, 11న డల్లాస్‌లో ఓక్లహోమాను ఎదుర్కొనేసరికి కుదరకపోతే, నవంబరు 15న జార్జియాలో చాలా కష్టమవుతుంది.

సాధనలు చాలావరకు బయటివారికి మూసి ఉంటాయి. బయటికి వచ్చే చిన్న వీడియోల్లో అందరూ మ్యానింగ్ విసిరే బంతిని చూస్తారు. మీరు బంతి విసరకముందు ఎడమ గార్డ్ స్థానంలో నిలబడినవాడి చొక్కా మీది అంకె గుర్తుపెట్టుకోండి. రెండవ వారం శనివారం సాధన ఆట తరువాత కూడా అక్కడ అదే అంకె ఉంటే నాకు తెలియజేయండి, ఆ రాత్రి నేను కాస్త నిశ్చింతగా నిద్రపోతాను. సెప్టెంబరు 6న మా వరుసలో ఒక సీటు ఖాళీగా ఉంది, నారింజ రంగు చొక్కా ఒకటి కొనుక్కుని రండి.